కార్పెట్ కింది నట్టు

పాత కారు లోపలి భాగాన్ని తిరిగి తీర్చిదిద్దేటప్పుడు సీట్ల తోలు, డాష్‌బోర్డు, తలుపుల ప్యాడ్లు, కార్పెట్ అన్నీ అయ్యాక ఆఖర్న గుర్తొచ్చేది సీటు బెల్టు. అప్పటికి డబ్బూ ఓపికా రెండూ అడుగంటి ఉంటాయి కనుక దానికి దక్కేది అరకొర శ్రద్ధే. ఈ వారం కంటపడిన 1960ల నాటి ఓ అమెరికన్ కారులో జరిగింది అదే. వెలిసిపోయిన పాత బెల్టుకు సీట్లతో కలిసిపోయేలా ముదురు ఎరుపు రంగు అద్ది, బకిల్‌కు మెరుగు పెట్టి, మళ్లీ బిగించేశారు. చూపులకు కన్నుల పండుగే. ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రం దాన్ని నమ్ముకోవడానికి లేదు.

పాత సామాను పారేయకూడదు, కొత్తది కొనేముందు ఉన్నదాన్ని బాగుచేసుకోవాలి అన్నది ఈ కాలమ్ పాడీ పాడీ అరగదీసిన పాట. కార్బురేటరైనా గోడ గడియారమైనా ఇక్కడ వినిపించింది అదే వాదన. బెల్టు దగ్గరికొచ్చేసరికి ఆ వాదన సగమే నిలుస్తుంది. ఏ సగం అన్నది విడిభాగాలు చూస్తే తప్ప తేలదు.

భుజం మీదుగా ఏటవాలుగా, నడుం మీదుగా అడ్డంగా సాగే నేటి మూడు బిందువుల బెల్టును రూపొందించింది వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్. అంతకుముందు ఆయన సాబ్ కంపెనీలో విమానాల ఎజెక్షన్ సీట్ల మీద పనిచేసినవాడు. 1959లో వోల్వో కార్లలో ఈ బెల్టు వచ్చింది. పేటెంటును మిగతా కంపెనీలు కూడా వాడుకోవచ్చని వోల్వో వదిలేసింది. అమెరికాలో 1968 జనవరి 1 నుంచి కొత్త కార్లకు బెల్టులు తప్పనిసరయ్యాయి. మన దేశంలో ముందు సీట్లకైనా ఆ నిబంధన 1990ల్లో గానీ రాలేదు. కాబట్టి పునరుద్ధరణకు వచ్చే కార్లు రెండు రకాలు: బెల్టుతో పుట్టినవి, బెల్టు ఎరగనివి.

మొదటి రకంలో ముందుగా చూడాల్సింది నవారు. నైలాన్‌దైనా పాలియెస్టర్‌దైనా ఎండకు దాని పోగులు బలం కోల్పోతాయి. పరీక్ష తేలిక. సీటు సందులోనో, చుట్టలోనో ఏళ్ల తరబడి దాగి ఉన్న ముక్కను బయటికి లాగి, ఎండ తగిలిన ముక్క పక్కన పెట్టాలి. ఒకటి నిండు రంగులో మెత్తగా ఉండి, రెండోది వెలిసి, గరుకుగా, అంచుల్లో నూగు లేచి ఉంటే ఇక మాట్లాడేందుకేమీ లేదు. అమెరికా ప్రమాణం 209 ప్రకారం నడుం బెల్టు నవారు 26,689 న్యూటన్ల లాగుడుకు, అంటే దాదాపు 2,700 కిలోల బరువుకు తెగకుండా నిలవాలి. పాత ముక్కలో ఆ సత్తువ ఎంత మిగిలిందో తెంపి చూస్తే తప్ప తెలియదు. తెంపాక తెలిసీ లాభం లేదు. బ్లీచింగ్, రంగు అద్దకం రెండూ పోగులను ఇంకా బలహీనపరుస్తాయి. వాడదగిన బెల్టును శుభ్రం చేయడానికి గోరువెచ్చని సబ్బు నీళ్లు, నీడలో ఆరబెట్టడం, అంతే. ప్రమాదంలో ఒకసారి మనిషిని ఆపిన బెల్టుకు ఆ పాటి మర్యాద కూడా అక్కర్లేదు. కత్తిరించి పారేయాలి.

అమెరికాలో, బ్రిటన్‌లో ఈ పనికే ప్రత్యేక వర్క్‌షాపులున్నాయి. పాత బకిల్, ఇనుప నాలుకలు, ప్లేట్లు ఉంచి కొత్త నవారు ఎక్కిస్తాయి. చివర కుట్టులోనే అసలు కిటుకు. బలమంతా ఆ రెండంగుళాల మీదే పడుతుంది గనుక దారం రకం, కుట్ల సంఖ్య, కుట్టు ఆకారం అన్నీ లెక్క ప్రకారం ఉండాలి. విజయవాడ ఆటోనగర్‌లో సీట్లు కుట్టే చేతుల నైపుణ్యానికి వంక పెట్టే సాహసం ఎవరూ చేయరు. అయినా సీటు కవరు కుట్టు విడిపోతే మళ్లీ కుట్టించుకోవచ్చు, బెల్టు కుట్టుకు ఆ రెండో అవకాశం ఉండదు.

పాత బెల్టు మీద తయారీ తేదీతో చిన్న గుడ్డ లేబుల్ ఉంటుంది. పాత కార్ల పోటీల్లో న్యాయనిర్ణేతలు దాన్ని కూడా చూస్తారు. అందుకని కొత్త నవారు మీద 1967 నాటిదని చెప్పే నకలు లేబుల్ కుట్టించే అలవాటు బయల్దేరింది. ముచ్చట తప్పు కాదు. కానీ అలాంటి కారు చేతులు మారితే కొన్నవాడికి బెల్టు అసలు వయసు తెలిసే దారి ఉండదు. నవారు మార్చిన సంవత్సరం కారు కాగితాల్లో రాసి పెడితే పోయేదేమీ లేదు. రేసు కార్ల లోకంలో ఈ దాపరికం చెల్లదు: అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ ఆమోదించిన బెల్టుకు గడువు తేదీ లేబుల్ మీదే ఉంటుంది, ఐదేళ్లు నిండితే ఎంత కొత్తగా కనిపించినా పోటీకి పనికిరాదు.

బకిల్ విషయంలో ఈ కాలమ్ పాత పాట కొంత చెల్లుతుంది. పైమూత, మీట, కంపెనీ చిహ్నం ఉన్న బొత్తం ఉంచుకోదగినవే. అయితే మొత్తం బకిల్‌ను తీసుకెళ్లి క్రోమ్ తొట్టిలో ముంచకూడదు. ఆమ్లంలో కడిగి పూత పూసేటప్పుడు గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి దాన్ని పెళుసు చేస్తుంది. స్ప్రింగులు, కొక్కెం మెరుస్తూనే పుటుక్కున విరుగుతాయి. పూత అలంకారపు మూతకే పరిమితం కావాలి.

బెల్టును చుట్టుకునే రీలు లోపల కారు కుదుపును పసిగట్టే గుండో లోలకమో ఉంటుంది. రీలును తయారీదారు చెప్పిన కోణంలో బిగించకపోతే అది ఎప్పుడూ బిగుసుకుపోయే ఉంటుంది, లేదంటే అవసరమైనప్పుడు పట్టుకోదు. మూత విప్పితే చుట్ట స్ప్రింగు ఎగిరి ముఖాన కొడుతుంది. విప్పకుండా కొత్త రీలు వేసుకోవడమే మేలు.

ఇంతవరకూ చదివితే డబ్బు పెట్టి కొత్త బెల్టు కొంటే సరిపోతుందనిపిస్తుంది. కానీ బెల్టు ఆపేది మనిషిని. బెల్టును ఆపేది కార్పెట్ కింద, ఎవరికీ కనిపించని ఒక నట్టు. అది కారు నేల రేకుకు వెల్డు చేసి ఉంటుంది. వానాకాలాల నీరు నిలిచేదీ, తుప్పు మొదలయ్యేదీ సరిగ్గా అక్కడే. పైన తారు పూత నిక్షేపంగా ఉన్నా స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిస్తే ఒక్కోసారి రేకు బిస్కెట్టులా రాలుతుంది.

ఆ నట్టుకు ఇంకో విశేషం ఉంది. దాని మరలు అంగుళాల కొలతవి: 7/16 అంగుళం వ్యాసం, అంగుళానికి 20 మరలు. అమెరికన్ కార్లకే కాదు, మిల్లీమీటర్లలో తయారయ్యే యూరప్ కార్లకు వర్తించే ఐరాస నిబంధన 14 కూడా ఇదే కొలత చెబుతుంది. కారులో మిగతా బోల్టులన్నీ మెట్రిక్ అయినా బెల్టు బోల్టు ఒక్కటీ అంగుళాల్లోనే మిగిలిపోయింది. 7/16 అంటే 11.1 మిల్లీమీటర్లు. షెడ్డులో దొరికే 10 మిల్లీమీటర్ల బోల్టు అందులో వదులుగా ఆడుతుంది, 12ది దూరదు. దూరకపోతే ట్యాప్ వేసి కొత్త మరలు కోసేస్తారు. నట్టు గోడ పల్చబడిపోతుంది. పైగా అసలు బోల్టుకు తల కింద మరలు లేని నున్నటి మెట్టు ఉంటుంది. ప్లేటు దాని మీద అటూ ఇటూ తిరుగుతూ బెల్టు లాగిన దిక్కుకు మళ్లుతుంది. మామూలు బోల్టు బిగిస్తే ప్లేటు కదలక వంకర లాగుడుకు వంగుతుంది. పాత బోల్టు, అలల వాషరు పోగొట్టకుండా ఉంచుకోవాలి. మరలు చెడితే అదే కొలతలో బెల్టుకోసమే చేసిన బోల్టు తెప్పించాలి.

అందువల్ల వరస తిరగబడాలి. కార్పెట్ ఎత్తి, నేల రేకు గీకి, నట్లు చూసి, అవసరమైతే కొత్త రేకు అతికించాకే సీట్ల తోలు రంగు గురించి ఆలోచించాలి.

ఇక బెల్టు ఎరగని కార్లు. తొలినాళ్ల అంబాసిడర్లకు, పద్మినీలకు ముందు నుంచీ నట్లే లేవు. నేలకు కన్నం పెట్టి బోల్టు వేస్తే రేకును చీల్చుకుని బయటికొస్తుంది; కింద వెడల్పాటి ఉక్కు ప్లేటు ఉండాల్సిందే. భుజం బెల్టు పై కొసకు తలుపుల మధ్య స్తంభంలోనూ అంతే బలం కావాలి. అది లేక సీటు వెనక నేలకే కట్టేస్తే ఢీకొన్నప్పుడు భుజాన్ని కిందికి లాగి వెన్నుపూసను నలిపేస్తుంది. అలాంటి మూడు బిందువుల బెల్టు కంటే తుంటి ఎముక మీద బిగుతుగా కట్టిన ఉత్త నడుం బెల్టే నయం. యాభై ఏళ్లు దాటి, వింటేజ్ వాహనాల 2021 నిబంధనల కింద ‘వీఏ’ నంబరు తీసుకున్న బండి ఎటూ ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కదు. దానికి స్తంభాలు కోసి, వెల్డింగు చేయించి భుజం బెల్టు పెట్టాలన్న పట్టుదల అక్కర్లేదు. పిల్లలను ఎక్కించుకుని హైవే మీదికి తీసుకెళ్లే 1980ల నాటి పద్మినీ సంగతి వేరు. దానికి ఆ ఖర్చు పెట్టాల్సిందే, సీటు కవర్లు వచ్చే ఏడాదికి వాయిదా పడినా సరే.