రాని సంచికల పేజీ

అమలాపురానికి దగ్గర్లో ఒక కాలేజీ లైబ్రరీ ఉంది. అక్కడి కంప్యూటర్ బాగోగులు కొన్నేళ్లుగా నేనే చూస్తున్నాను. జీతమేమీ లేదు, ఇష్టంతో చేసే పని. పుస్తకాల లెక్కంతా కోహా అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే చోట గ్రంథాలయాల కోసం తయారై, 2000 జనవరిలో వాడకంలోకి వచ్చింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. ఎవరైనా తీసుకోవచ్చు, లోపలి కోడ్ చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు. లైసెన్సుకి డబ్బులు కట్టలేని మా కోనసీమ లైబ్రరీలకి అది నిజంగా కానుకే.

2025 మొదట్లో ఆ కోహాలో ఓ పెద్ద లోపం బయటపడింది. దానికి సీవీఈ-2025-22954 అని నంబరు ఇచ్చారు. అది ఎక్కడుందో తెలిశాక నాకు మనసు అదోలా అయిపోయింది. ఆలస్యమైన సంచికలు, అసలు రాని సంచికలు ఏవో జాబితాగా దించుకునే పేజీలో ఉంది. ఫలానా వారపత్రిక ఈ వారం అందలేదు, ఫలానా మాసపత్రిక రెండు నెలలుగా లేదు అని లైబ్రేరియన్ గారు ఏజెంటుకి పంపే చిట్టా అక్కణ్నుంచే వస్తుంది. లైబ్రరీలో అంతకంటే అమాయకమైన పని ఇంకోటి ఉండదు.

ఆ పేజీకి సరఫరాదారు నంబరు ఒకటి అందాలి. నంబరుకి బదులు డేటాబేస్‌కి అర్థమయ్యే ఆజ్ఞ ముక్క పంపితే, డేటాబేస్ దాన్ని కూడా తనని అడిగిన ప్రశ్నలో భాగమనుకుని పాటించేస్తుంది. చెక్కు మీద అంకె పక్కన ఖాళీ వదిలేస్తే ఎవడో సున్నా చేర్చేసినట్టన్నమాట. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు దీన్ని. పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు అన్నీ ఉండేది ఆ డేటాబేస్‌లోనే. ఇలాంటి చోట చేసే మరమ్మతు చూడ్డానికి చిన్నదే. ప్రశ్నలో విలువ రావాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి, విలువని విడిగా అందిస్తారు. అప్పుడు ఏది వచ్చినా అది విలువే, ఆజ్ఞ అవ్వదు. కోహా 24.11.02లో ఈ లోపం సరిచేశారు. 24 సంవత్సరం, 11 నెల, చివరిది ఆ తర్వాత వచ్చిన దిద్దుబాటు సంఖ్య.

మా మెషీన్ ఉబుంటు లైనక్స్ మీద నడుస్తుంది. అప్‌డేట్ కొట్టాను. కొత్తగా వేయాల్సినవేమీ లేవంది. ఊపిరి పీల్చుకుని, ఎందుకైనా మంచిదని కోహాలో వెర్షన్ చూపించే పేజీ తెరిచాను. పాతదే ఉంది. అదీ ఏడాది పైబడినది.

కారణం దొరకడానికి గంట పట్టింది. కోహా ఉబుంటు సొంత సాఫ్ట్‌వేర్ గిడ్డంగిలోంచి రాదు. కోహా వాళ్ల గిడ్డంగి వేరే ఉంది. దాని చిరునామా మనమే ఒక ఫైల్లో రాసుకోవాలి. అంతకుముందు వేసవిలో ఉబుంటుని కొత్త వెర్షన్‌కి మార్చాను. అలా మార్చేటప్పుడు బయటి గిడ్డంగుల చిరునామాలన్నిటినీ అది పక్కన పెట్టేస్తుంది. లైను మొదట్లో ఒక చిన్న హ్యాష్ గుర్తు పెట్టి, అప్‌గ్రేడ్ కోసం ఆపాం అని చివర రాసి ఉంచుతుంది కూడా. ఆ లైను నేను చూడలేదు. నెలల తరబడి ఆ మెషీన్ అన్నీ తాజాగా ఉన్నాయన్న మాట అబద్ధం కాదు. అది చూస్తున్నవన్నీ తాజాగానే ఉన్నాయి. కోహాని చూడ్డమే మానేసింది.

నాకు మా వరద రోజులు గుర్తొచ్చాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద మూడో ప్రమాద హెచ్చరిక దాటాక మా వైపు ఏటిగట్ల మీద రాత్రంతా టార్చిలైట్లు తిరిగాయి. ఎక్కడ ఊట కనిపిస్తే అక్కడ ఇసుక బస్తాలు. గట్టు సంగతి ఇరిగేషన్ వాళ్లు చూస్తారు, ఊళ్లోవాళ్లూ చూస్తారు. చెరువు కోసం గట్టు కిందనుంచి పైపు వేసుకున్న ఆసామి మాత్రం ఆ పైపు దగ్గరే నిలబడాలి. అది అక్కడుందని అతనికే తెలుసు కాబట్టి. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫర్‌జే అనే సాఫ్ట్‌వేర్ ముక్కలో లోపం బయటపడ్డప్పుడు పెద్ద పెద్ద సంస్థలు రోజుల తరబడి వెతుక్కున్నది ఇలాంటి పైపునే. తమ దగ్గర ఆ ముక్క ఎక్కడెక్కడ ఉందో వాళ్లకే తెలియదు.

శనివారం సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక కూర్చున్నాం. "మొన్నే అప్‌డేట్ చేశారు కదండీ, మళ్లీ ఏంటండీ?" అన్నారు లైబ్రేరియన్ గారు. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన తెలుగు పుస్తకాలు వెతికితే దొరుకుతాయాండీ, ఇది మార్చాక?" అని అడిగారు. ఆ భయం న్యాయమైనదే. కోహాలో తెలుగు అక్షరాలు సరిగ్గా వెతకాలంటే సూచిక తయారీలో ప్రత్యేకంగా ఒక అమరిక పెట్టాలి. మొదట్లో అది కుదిరేదాకా ఆవిడ పడ్డ అవస్థ నాకు తెలుసు. ఇలాంటి భయాల వల్లే చాలా చోట్ల దిద్దుబాట్లు ఏళ్ల తరబడి వాయిదా పడుతుంటాయని నా నమ్మకం. నడుస్తున్నదాన్ని కదపడానికి ఎవరికీ చెయ్యి రాదు.

ముందు డేటా మొత్తం నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో ఆవిడ చేతికిచ్చాను. ఆ హ్యాష్ గుర్తు తీసేశాను. గిడ్డంగి సంతకం సరిపోలిందో లేదో చూసుకుని కోహా ప్యాకేజీ వేశాను. డేటాబేస్ మార్పులు ఒక్కొక్క లైనుగా తెర మీద జారుతుంటే ఇద్దరం మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాం. సూచిక మళ్లీ కట్టించాను. ఆవిడే కీబోర్డు దగ్గరికి జరిగి కన్యాశుల్కం అని కొట్టారు. బీరువా నంబర్లతో సహా ప్రతులన్నీ వచ్చాయి. తర్వాత రాని సంచికల పేజీ తెరిచి, ఆ నెల చిట్టా దించుకుని, ప్రింటు తీసుకున్నారు.

ఇప్పుడు ఆ మెషీన్ పక్క గోడకి ఒక కాగితం అతికించి ఉంది. బయటినుంచి తెచ్చి పెట్టినవి మూడు: కోహా, బార్‌కోడ్ లేబుళ్ల ప్రోగ్రామ్, ప్రింటర్ డ్రైవర్. ఏది ఎక్కణ్నుంచి వచ్చింది, వెర్షన్ ఎంత, ఆఖరుసారి ఎవరు చూశారు, ఏ తేదీన. ప్రతి నెలా మొదటి శనివారం నేను వెళ్తాను. పోయిన నెల వెళ్లేసరికి తేదీల గడి నిండి ఉంది, ఆవిడ దస్తూరీతో.