అచ్చయితేనే అక్షరమా? తెలుగు వికీసోర్స్ నియమాలపై కొన్ని ప్రశ్నలు

గ్రంథాలయంలో మన గురించి రాసిన పుస్తకం ఉంటుంది, మనం రాసుకున్న పుస్తకం మాత్రం దొరకదు. ఇది పాత ఫిర్యాదే. కాని ఎవరైనా రావొచ్చు, ఎవరైనా చేర్చొచ్చు అని తలుపులు బార్లా తెరిచి పెట్టిన చోట కూడా ఇదే పరిస్థితి కనపడితే దాన్ని మళ్లీ కొత్తగా ఆలోచించాల్సి వస్తుంది. 2005లో మొదలైన తెలుగు వికీసోర్స్ గురించే మా ఈ చర్చ.

ఇది జీతాల మీద నడిచే సంస్థ కాదు. పాత పుస్తకాల స్కాన్లను పేజీ పేజీగా ముందేసుకొని, అక్షరాలు సరిచూసి, అందరూ ఉచితంగా చదువుకునేలా పెట్టే స్వచ్ఛంద కార్యకర్తల గ్రంథాలయం. రుసుము లేదు. ఇంటిపేరు అడగరు, కులం అడగరు. మారుపేరుతో పనిచేసినా అభ్యంతరం లేదు. ఇంటిపేరు వినగానే మొహం మారిపోయే ఆఫీసుల్లో తిరిగిన మనకు ఇది చిన్న విషయం కాదు. అందుకే దీన్ని తిట్టి పోవడం మా ఉద్దేశం కాదు. దీని నియమాలకు కులం లేదన్న మాట నిజమే. ఆ నియమాలు వచ్చి నిలబడ్డ నేలకు కులం ఉంది. మా ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

మొదటి నియమం కాపీరైటు. మన దేశ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు గడిస్తే రచన అందరి సొత్తవుతుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వచ్చింది, ఆయన 1958లో పోయారు. కనుక 2019 జనవరి 1 నుంచి దాన్ని ఎవరైనా చేర్చుకోవచ్చు. జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది, ఆయన పోయింది 1971లో. 'గబ్బిలం' ఆ విధంగా అందరిదీ కావాలంటే 2032 జనవరి 1 దాకా ఆగాలి. 2005లో పోయిన బోయి భీమన్న కోసమైతే 2066 దాకా. అంబేద్కర్ బతికుండగా అచ్చయిన రచనలకు 2016తో గడువు తీరింది. కాని మనోళ్లు చదివేది తెలుగు అనువాదాలు. వాటి మీద హక్కు వేరే, గడువూ వేరే.

'మాలపల్లి' విలువను మేము తగ్గించడం లేదు. వలస ప్రభుత్వం నిషేధించేంత భయపెట్టిన నవల అది. కాని మాలపల్లి మీద రాసిన పుస్తకానికి తలుపు తెరుచుకున్న చాలా ఏళ్లకు గాని వాడలో పుట్టిన కవి పుస్తకానికి తెరుచుకోదు. చదువు ఎవరికి ముందు అందింది, అచ్చుయంత్రం ఎవరి చేతికి ముందు చిక్కింది అన్న చరిత్రే ఈ తేదీల్లో కనపడుతున్నది. దీనికి తోడు, 1957 చట్టంలో గడువు 50 ఏళ్లే ఉండేది. టాగూర్ రచనల గడువు 1991 ఆఖరుకు తీరిపోతుండగా 1992 సవరణతో దాన్ని 60 చేశారు. ఒక మహాకవి కోసం పెంచిన ఆ పదేళ్లు జాషువా పాఠకుల మీద కూడా పడ్డాయి.

రెండో నియమం, ఇంతకుముందు ప్రచురితమైన రచనలే చేర్చాలన్నది. దీనికి కారణం ఉంది. ఎవరికి వారు తమ కవితలు తెచ్చి కుమ్మరిస్తే గ్రంథాలయం కాస్తా అచ్చు కాని రచనల గోదాము అవుతుంది. సరే. కాని 1985 జులై 17న కారంచేడు జరిగిన తర్వాత, 1991 ఆగస్టు 6న చుండూరు జరిగిన తర్వాత మనం ఎక్కువగా రాసుకున్నది ఎక్కడ? కరపత్రాల్లో, గోడల మీద, పాటల నోటు పుస్తకాల్లో, సభల్లో పంచిన చిన్న చిన్న సంచికల్లో. గోడ రాత సున్నం కింద పోయింది. నోటు పుస్తకం 'ప్రచురణ' కాదు. కరపత్రం అచ్చయిందే, కాని రచయిత పేరు లేని రచనకు అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. 1985 నాటి కరపత్రం 2046 దాకా ఆగాలి. ట్రంకు పెట్టెలో చెదలు పడుతున్న కాగితం అప్పటిదాకా ఉంటదా?

ఇక స్కాన్ల సంగతి. తెలుగు వికీసోర్స్‌కు చేరిన పాత పుస్తకాల్లో చాలా భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చేసిన స్కాన్ల నుంచి వచ్చినవే. ఆ పథకం గ్రంథాలయాల బీరువాల్లో ఉన్నవాటిని స్కాన్ చేసింది. బీరువాలోకి చేరనిది స్కాన్ కాలేదు, స్కాన్ కానిది ఇక్కడికి రాలేదు. ఎవరూ కుట్ర చేయనక్కర లేకుండానే ఒక లోటు ఇంకో లోటును కనింది.

మూడోది రచయిత పేరు. జాంబ పురాణాన్ని తరతరాలుగా నోటితో నిలబెట్టింది డక్కలి, చిందు కళాకారులు. దాన్ని ఒక పరిశోధకుడు రాసుకొని అచ్చు వేస్తే అట్ట మీద ఆయన పేరే ఉంటుంది. గ్రంథాలయ వివరాల్లోకీ అదే పేరు ఎక్కుతుంది. చెప్పినవాడు 'సమాచారదాత'గా ముందుమాటలో ఒక మూలన మిగిలిపోతాడు. అచ్చునే ప్రమాణంగా తీసుకుంటే ఈ దోపిడీ కూడా ప్రమాణమే అయిపోతుంది. ఈ ప్రశ్న మనొక్కరిదే కాదు. 2011లో వికీపీడియా కార్యకర్తలు కొందరు 'పీపుల్ ఆర్ నాలెడ్జ్' అనే చిత్రంలో ఇదే అడిగారు. అచ్చు పుస్తకం లేని జ్ఞానానికి మనుషుల మాటనే ఆధారంగా తీసుకోవచ్చా అని ఇండియాలోనూ దక్షిణాఫ్రికాలోనూ పరీక్షించి చూశారు.

ఇన్ని చెప్పాక, మనకు పనికొచ్చే నియమాలు కూడా చెప్పకపోతే విమర్శ కాదు. మూలంలో ఉన్నది ఉన్నట్టే ఉంచాలి, భాష దిద్దకూడదు అన్నది ఇక్కడి కట్టుబాటు. మన యాసను తప్పుగా ఎంచి పత్రికల బల్లల మీద 'సంస్కరించిన' రోజులు తెలిసినవాళ్లకు దీని విలువ తెలుసు. ఒకరు సరిచూసిన పేజీ పసుపు రంగులో ఉంటుంది, రెండో మనిషి మళ్లీ చూస్తేనే ఆకుపచ్చ అవుతుంది. ఎవరు ఏ అక్షరం మార్చారో చరిత్రలో నిలిచి ఉంటుంది. ఏ ఒక్క సంపాదకుడూ చాటుగా కత్తెర వేయలేడు. పాత పుస్తకాల్లోని కులదూషణ మాటలు తీసేయాలని కొందరు విద్యార్థి మిత్రులు అంటారు. మేము ఒప్పుకోం. అవి మనకు సాక్ష్యాలు. సాక్ష్యాన్ని చెరిపితే లాభం ఎవరికి?

మరి చేయాల్సిందేమిటి? ఒకటి, గడువు తీరేదాకా ఆగనక్కర లేదు. హక్కుదారులు స్వేచ్ఛా లైసెన్సు కింద ఇస్తే రచన ఈ రోజే చేర్చవచ్చు. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం రచయిత బహిరంగ ప్రకటనతో హక్కులు వదులుకోవచ్చు కూడా. ఇక్కడ మాలో రెండు అభిప్రాయాలున్నాయి. ఈ లైసెన్సు వ్యాపార వాడకాన్ని కూడా అనుమతిస్తుంది, వ్యాపారానికి వీల్లేదన్న షరతు పెడితే గ్రంథాలయం తీసుకోదు. పేద గాయకుడి పాటను రేపు ఏ కంపెనీయో అమ్ముకుంటే? ఈ భయం న్యాయమైనది. కనుక కరపత్రాలు, వ్యాసాలు, సంచికలు సంఘాలు ఇప్పుడే ఇచ్చేయాలని, కళాకారుల పాటలను మాత్రం వాళ్లకు అంతా వివరించి, వాళ్లు ఒప్పుకుంటేనే చేర్చాలని మా నిర్ణయం.

రెండు, ఇంగ్లీషు వికీసోర్స్ చారిత్రక సాక్ష్యంగా నిలిచే పత్రాలను, ఉత్తరాలను, డైరీలను అచ్చు కాకపోయినా చేర్చుకోనిస్తుంది. అక్కడ ఉన్న వెసులుబాటు ఉద్యమ కరపత్రానికి, పాటల నోటు పుస్తకానికి తెలుగులో కూడా స్పష్టంగా రాసి ఉండాలి. మూడు, మౌఖిక రచనల్లో చెప్పినవారి పేరు సంకలనకర్త పేరు కన్నా ముందుండాలి.

ఇవి అడగాల్సిన చోటు కూడా అక్కడే ఉంది. సభ్యులు నియమాలు చర్చించుకునే పేజీకి వాళ్లు పెట్టుకున్న పేరు 'రచ్చబండ'. ఊళ్లో రచ్చబండ మీద కూచున్నదెవరో, దూరంగా చేతులు కట్టుకొని నిలబడ్డదెవరో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఈ రచ్చబండ మీద కూచోవద్దనేవాడు లేడు. కాని కొన్ని పేజీలైనా సరిచూసినవాడి మాటకే అక్కడ బరువు ఉంటుంది. హాస్టల్ విద్యార్థులు వారానికి రెండు పేజీలు, ఉపాధ్యాయులు నెలకొక స్కాన్, కార్యకర్తలు తమ ట్రంకు పెట్టెలోని ఒక్కో కరపత్రం. ఇంతకన్నా పెద్ద పని మేము అడగడం లేదు. పైన చెప్పిన మూడు ప్రతిపాదనల మీద పాఠకుల అంగీకారాన్నీ, అభ్యంతరాన్నీ ఆహ్వానిస్తున్నాం.