స్టెంటు కన్నా ముందు చూడాల్సిన పనితనం

గుండె రక్తనాళంలో సున్నం పేరుకుని గట్టిపడితే, స్టెంటు విలువ దాని కంపెనీలో ఉండదు, ధరలో ఉండదు. అంతకుముందు ఆ నాళాన్ని సిద్ధం చేసిన చేతిలో ఉంటుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి నుంచి 44వ జాతీయ రహదారి పట్టుకుని 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాద్ చేరే కుటుంబాలు ‘ఎన్ని స్టెంట్లు వేశారు, ఏ కంపెనీవి’ అని అడుగుతాయి. సున్నాన్ని ఏం చేశారని అడిగేవారు అరుదు. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారిలో, డయాలసిస్ మీద ఉన్నవారిలో, వయసు మళ్లినవారిలో ఈ సున్నం ఎక్కువ. అది నాళం చుట్టూ చాలామేర చేతిగాజులా బిగుసుకుంటే, బెలూన్ ఎంత ఉబ్బించినా మెత్తటి పక్కకే సాగుతుంది. అక్కడ గోడ చీలవచ్చు, గట్టి పక్క మాత్రం కదలదు. అలాంటి చోట వేసిన స్టెంటు సగమే విచ్చుకుంటుంది. దాన్ని వెనక్కి తీసే దారి ఉండదు. మళ్లీ పూడుకుపోవడానికీ, లోపల రక్తం గడ్డకట్టడానికీ పెద్ద కారణాల్లో ఇదొకటి.

ఈ మొండి సున్నానికి మొనగాడు, గిరగిరా తిరుగుతూ దాన్ని అరగదీసే రోటా. సియాటెల్ ఇంజినీరు డేవిడ్ ఆత్ రూపొందించిన ఈ పరికరాన్ని 1980ల చివర ఫ్రాన్స్‌లోని లీల్‌లో వైద్యుడు బెర్ట్రాండ్ బృందం మనుషుల గుండెనాళాల్లో నడిపి చూపింది. వజ్రపు పొడి అద్దిన చిన్న మొన, అతి చిన్నది 1.25 మిల్లీమీటర్లది, సన్నని తీగ మీదుగా నిమిషానికి 1,40,000 నుంచి 1,80,000 సార్లు తిరుగుతుంది. మెత్తటి గోడ దానికి ఒదిగి తప్పుకుంటుంది, గట్టి సున్నం అరిగిపోతుంది. రాలే రజను చాలావరకు ఎర్ర రక్తకణం కన్నా చిన్నది. ఇదంతా యంత్రం గొప్ప. అసలు విద్య చేతిది. మొనను కొంచెం ముందుకు తాకించి వెంటనే వెనక్కి లాగాలి. ఒక్కో విడత కొన్ని సెకన్లే. మోత మారినా, వేగం 5,000కు మించి పడిపోయినా ఆగాలి. బలంగా నెడితే మొన ఇరుక్కుంటుంది. నెమ్మది తెలిసిన వైద్యుడు ఈ పని చేస్తుంటే అంతకన్నా సొగసైన పనితనం క్యాథ్‌ల్యాబ్‌లో మరొకటి లేదని నా నమ్మకం.

నాకు మంట పుట్టించేది ఈ విద్యకు వచ్చిన చౌక నకలు. సున్నం ఎంతుందో చూడకుండా బెలూన్ ఒత్తిడి పెంచుకుంటూ పోయి, స్టెంటు దించేసి, పని అయిందనిపించడం అది. యాంజియోగ్రామ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పడం ఎంత గుడ్డితనమో 1995లోనే తేలింది. పరిశోధకుడు మింట్జ్ బృందం 1,155 బ్లాకులను పరిశీలిస్తే, నాళం లోపలికి పంపిన అల్ట్రాసౌండ్‌కు 73 శాతం వాటిలో సున్నం కనబడింది, యాంజియోగ్రామ్‌కు 38 శాతంలోనే. కాంతితో లోపలి నుంచి బొమ్మ తీసే ఓసీటీ సున్నం మందాన్ని కూడా చెబుతుంది. సగం చుట్టును మించి, అర మిల్లీమీటరు కన్నా మందంగా, 5 మిల్లీమీటర్ల కన్నా పొడవుగా ఉంటే స్టెంటు విచ్చుకోదన్న అనుమానం బలపడాలి. ధ్వని తరంగాలతో సున్నాన్ని పగలగొట్టే షాక్‌వేవ్ బెలూన్‌కు 2021 ఫిబ్రవరిలో అమెరికా అనుమతి వచ్చింది. లోతైన సున్నానికి అది మంచిదే, నేర్చుకోవడం తేలిక కూడా. కానీ ఆ బెలూన్ దూరని ఇరుకులో దారి తీయాల్సింది రోటాయే.

అరగదీయడం అక్కర్లేదనే అవతలి వాదన బలహీనమైనది కాదు. 2024లో ఫలితాలు వెలువడ్డ ఎక్లిప్స్ పరీక్షలో 2,005 మంది రోగులున్నారు. అరగదీసే మరో పద్ధతిని, ఆర్బిటల్‌ను, అక్కడ బెలూన్లతో పోల్చారు. ఏడాదికి గుండెపోటు, మరణం, మళ్లీ చికిత్స వంటివి ఆర్బిటల్ వైపు 11.5 శాతం, బెలూన్ల వైపు 10 శాతం. అందరికీ అరగదీయడం వృథా అనే పాఠాన్ని ఒప్పుకోవాల్సిందే. అయితే రెండు దారులూ కుదురుతాయని వైద్యుడు భావించినవారినే అందులో చేర్చుకున్నారు. బెలూన్‌కు లొంగని నాళం గురించి అది తీర్పు చెప్పదు. 2018 నాటి ప్రిపేర్-కాల్క్ పరీక్షలో తీవ్రమైన సున్నం ఉన్న 200 మందిలో రోటాతో 98 శాతం పని సఫలమైంది, ప్రత్యేక బెలూన్లతో 81 శాతం. ఆ తేడాలో ఉన్నవారి పక్షమే నాది.

రోటాకు ఖర్చెక్కువన్న మాట కూడా నిజమే. 1990ల్లో హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం చవక స్టెంటు చేసి చూపారు. 2017లో కేంద్రం స్టెంటు ధరకు హద్దు పెట్టింది. 2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. ఇన్ని చేసిన చోట, అవసరమైన రోగికి లోపలి బొమ్మ, రోటా ఖర్చులను స్టెంటుతో సమానంగా లెక్కించమని ప్రభుత్వాన్ని అడగడం అత్యాశ కాదు. గుండెపోటు వస్తే ప్రశ్నలతో నిమిషం పోగొట్టవద్దు, దగ్గరి ఆసుపత్రికి పరుగెత్తండి. తీరిక ఉన్న కేసు అయితే, కామారెడ్డి వారైనా ఎల్లారెడ్డి వారైనా సంతకం పెట్టే ముందు డాక్టరుగారిని రెండు మాటలు అడగండి: సున్నం ఎంతుందో లోపలి నుంచి చూస్తారా? బెలూన్‌కు లొంగకపోతే రోటా చేసేవారు ఇక్కడ ఉన్నారా?