భువనగిరికి రోప్‌వే

ఈ వారము నా ఉదయపు కాఫీని చేదుచేసినది, భువనగిరి కోటమీదికి రోప్‌వే వేయు పథకమును గూర్చి పత్రికలో మరల వచ్చిన వార్త. లిఫ్టులను, ఎస్కలేటర్లను, కాలు కదపనీయక మనుష్యుని మోసికొనిపోవు సమస్త యంత్రసామగ్రిని ఈ శీర్షికలో నేనెంతకాలముగా తిట్టిపోయుచున్నానో యెరిగిన పాఠకులు, నేనిప్పుడేమి వ్రాయబోవుదునో ఊహించి పుట త్రిప్పుచుందురు. త్రిప్పకుడు.

సికింద్రాబాదువారికి మౌలాలి గుట్ట మెట్లు ఇంటిముంగిటి అలవాటు. ఊపిరిని నిజముగా పరీక్షించునది, సుమారు యాభై కిలోమీటర్ల దూరమున, కాజీపేట రైలుమార్గములో బీబీనగరు దాటిన పిదప ఆకాశమున కడ్డముగా లేచు ఆ ఏకశిలయే. పశ్చిమ చాళుక్యుడైన త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడు కట్టించెనని చెప్పు ఈ కోటగుట్ట ఎత్తు 500 అడుగులే గదా యని హిమాలయ యాత్రికులు నవ్వవచ్చును. కాని పదునాలుగేండ్లైనను నిండకుండ 2014 మే 25న ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ పొందినది ఈ బండమీదనే.

నన్ను మొదట అక్కడికి తీసికొనిపోయినవాడు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన మా మేనమామ. తెల్లవారకమునుపే ప్యాసింజరెక్కి, ఎండ ముదరకముందే మెట్లు మొదలిడవలెనన్నది ఆయన నియమము. ప్రొద్దెక్కిన పిదప ఆ ఇనుప కమ్మీని వట్టిచేతితో పట్టుకొనుట దుర్లభము. మెట్లు ముగిసి బోడిబండ మొదలైనచోట ఆయన చెప్పులు విప్పి సంచిలో పెట్టుకొని, వంగి, బండను అరచేత రాచి చూచెడివాడు. గులాబిచాయ పలుకులు గరుకుగా తగిలినచో నిర్భయముగా పాదము మోపవచ్చును; నలుగురు నడచి నునుపెక్కిన దారికంటె దాని ప్రక్కనున్న గరుకుబండ మేలు; నల్లని చారలున్నచోట వాననీరు పారియుండును, అది జారును; పైపొర ఉల్లిపొరవలె లేచి, తట్టినప్పుడు డొల్లగా మ్రోగినచో దానిజోలికి పోరాదు.

ఎక్కుటను గూర్చి ఆయన యొక్క మాటయు చెప్పలేదు. దానికి ఊపిరి చాలునట. ఆయన విద్యయంతయు దిగుటలో నున్నది. “ఒరేయ్ అల్లుడూ, మోకాలు బిగబట్టకు. చిన్నచిన్న అడుగులెయ్యి, పక్కకి తిరిగి దిగు. నీ తొందరంతా స్టేషన్లో చూపిద్దువుగాని” అని వెనుకనుండి కేకలు వేసెడివాడు. ఎక్కునపుడు కుదించుకొని బరువునెత్తు తొడకండరమే దిగునపుడు సాగుచు బరువు మోయవలెను. మరునాడు ఇంటి గడప దాటుటకు మనము మూల్గునది ముఖ్యముగా ఈ రెండవ చాకిరీవలననే.

పదవీవిరమణానంతరము ఆయన మోకాళ్ళు మాట వినలేదు. నడిమి ద్వారపు నీడలో చతికిలబడి, నన్ను పైకి తరిమి, నేను దిగివచ్చు తీరును క్రిందినుండి చూచి తప్పులు పట్టెడివాడు. శిఖరముమీది కట్టడమునుండి ఊరును, చెరువును చూచి నేను వర్ణించబోయినచో, “తెలుసులే” అనెడివాడు. తెలిసినదే, కాని చూడవలెనని యుండెనని నాకు తోచును.

రోప్‌వేను తిట్టుటకు కలము పట్టిన నాకు ఆ నీడలోని మనుష్యుడు అడ్డువచ్చెను. ఆ నిటారు మెట్లను, మలుపు ద్వారములను కట్టినవారు ఎక్కువాని శీలమును పరీక్షించుటకు కట్టలేదు. శత్రువు ఆయాసపడుచు వచ్చినప్పుడు పైనుండి కొట్టుటకు కట్టిరి. ఆ ఆయాసమును పుణ్యఖాతాలో జమకట్టుకొనుట మనకు తరువాత పుట్టిన వేడుక. కావున, నా పూర్వపు శీర్షికలనన్నిటిని ప్రక్కకునెట్టి, రోప్‌వే రావలెననియే నేననుచున్నాను. వచ్చిననాడు పైకి దానిలో పోయి, క్రిందికి మామయ్య చెప్పినట్లు నడచి దిగుదును.

ఒక్కటే సందేహము: పోవుటకు మాత్రమే టిక్కెట్టు నిత్తురా, రానుపోను రుసుము కలిపి పుచ్చుకొందురా? కలిపి పుచ్చుకొన్నచో, చెల్లించిన పైకము వృథాపోవుట సహింపలేని మామయ్య, తన విద్యను కట్టిపెట్టి, తీగమీదనే దిగెడివాడు.