బాగా రాసిన ఉత్తర్వు

విడిపోయిన తల్లిదండ్రుల మధ్య పిల్లల సంగతి తేల్చే కోర్టు కాగితాల్లో పనితనం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పాప ఎవరి దగ్గరుంటుంది, నెలకు ఎంత ఇవ్వమన్నారు? చుట్టాలడిగినా పేపర్లు రాసినా ఇంతే. ఆ కాగితం ఎంత శ్రద్ధగా రాశారో తెలిసేది మాత్రం ఆ తర్వాత ఏళ్ళతరబడి దాని ప్రకారం బతకాల్సిన వాళ్ళకి, అందులోనూ పిల్లలకి. 2020లో సుప్రీంకోర్టు ఏడాది తిరక్కుండా ఇచ్చిన రెండు తీర్పులున్నాయి. ఒకటి పిల్లల్ని చూసుకోవడం గురించి, రెండోది పిల్లల ఖర్చు గురించి. పనితనం కోసమే చదవదగ్గ తీర్పులవి.

ముందు చట్టం ఎంతవరకు చెప్తుందో చూద్దాం. బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముందు అంటుంది 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్. ఐదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరుండాలంటుంది అదే చట్టం 6వ సెక్షన్. ఆలోచించి తన ఇష్టం చెప్పగల వయసొచ్చిన బిడ్డ మాటను కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చంటుంది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్. తండ్రి ఏ రోజు వచ్చి చూడాలి, ఎన్నింటికి తిరిగి అప్పగించాలి, స్కూలు ఫీజులో ఎవరి వాటా ఎంత అన్న వివరాలు ఈ చట్టాల్లో వెతికినా దొరకవు. అదంతా జడ్జి కలానికే వదిలేశారు. క్షేమం అన్న ఒక్క మాటను పిల్లవాడి వారంలోకి, నెలలోకి, బడిలోకి దించడమే ఆ కలం చేయాల్సిన పని.

ఖర్చు గురించిన తీర్పుతో మొదలుపెడతాను, ఎందుకంటే పని ఎక్కువ కనిపించేది అందులోనే. 2020 నవంబరు 4న జస్టిస్ ఇందూ మల్హోత్రా, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఇచ్చిన తీర్పు అది. ఆ ఏడాది క్రిమినల్ అప్పీలు నంబరు 730. రాసింది జస్టిస్ మల్హోత్రా. సుభాష్ రెడ్డిగారు మన మెదక్ జిల్లావారు. కేసు చాలా మామూలుది. 2013 జనవరిలో, బాబు పుట్టిన కొద్దిరోజులకే, తల్లి భర్త ఇల్లు విడిచి వచ్చేసింది. సెప్టెంబరులో మనోవర్తి కేసు వేసింది. 2015 ఆగస్టులో గానీ ఫ్యామిలీ కోర్టు నుంచి మధ్యంతర ఉత్తర్వు రాలేదు. తల్లికి నెలకు 15,000 రూపాయలు, బాబుకి మొదటి రెండేళ్ళకు నెలకు 5,000, 2015 సెప్టెంబరు నుంచి 10,000. భర్త హైకోర్టుకెళ్ళి ఓడిపోయాడు, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకెళ్ళాడు. అసలు కేసు తేలేదాకా బిడ్డ కడుపు నిండటానికి ఇచ్చే డబ్బు మీదే ఏడేళ్ళు గడిచిపోయాయి. ఆ పిల్లవాడు అప్పటికి రెండో తరగతికో మూడో తరగతికో వచ్చుంటాడు.

అప్పీలు కొట్టేసి ఊరుకున్నా తప్పుబట్టేవాళ్ళు ఉండరు. ఈ బెంచి అక్కడ ఆగలేదు. ఇంత ఆలస్యం ఎక్కడ పుడుతోందని చూసింది. ఇవ్వాల్సినవాడు సంపాదన తగ్గించి చెప్తాడు, అడిగేవాళ్ళు అవసరం పెంచి చెప్తారు, జడ్జి ఇద్దరి మాటల మధ్య అందాజుగా ఒక అంకె వేస్తారు, అందాజు అంకె గనక ఎవరో ఒకరు పైకోర్టుకెళ్తారు. దీనికి విరుగుడు ఉపదేశం కాదని, ఇద్దరూ ఒకే వరసలో జవాబులివ్వాల్సిన ఒక ఫారమని ఆ జడ్జీలు తేల్చారు. ఆలోచన పూర్తిగా వాళ్ళదే కాదు. ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ జె.ఆర్. మిఢా అంతకుముందే ఇలాంటి అఫిడవిట్‌ని తన తీర్పుల్లో మళ్ళీమళ్ళీ సరిదిద్దుతూ వచ్చారు. సుప్రీంకోర్టు ఇద్దరు సీనియర్ న్యాయవాదుల సాయం తీసుకుంది, జాతీయ న్యాయసేవా సంస్థ (నల్సా) ద్వారా రాష్ట్రాల న్యాయసేవా సంస్థల అభిప్రాయాలు తెప్పించింది. మంచి పనిలో పాత చేతుల పని కూడా కలిసి ఉంటుంది, దాన్ని దాచకుండా తీర్పులోనే చెప్పుకున్నారు.

ఆ ఫారంలో పిల్లల భాగాన్ని కాస్త దగ్గరగా చూడండి. ఎంతమంది పిల్లలు, వాళ్ళ వయసెంత, ఇప్పుడు ఎవరి దగ్గరున్నారు? తిండికి, బట్టలకు, వైద్యానికి ఎంతవుతోంది? చదువుకెంత? బడి చదువు కాక ఏదైనా ప్రత్యేక శిక్షణ, కోర్సు ఉంటే దానికెంత? పిల్లల చదువు కోసం అప్పు చేశారా, వాయిదాలు కడుతున్నారా? ఈ ఖర్చుకు ఇద్దరిలో ఎవరైనా తమంతట తాము డబ్బిస్తున్నారా? బయటివాళ్ళు ఎవరైనా సాయం చేస్తున్నారా? ఆ చివరి ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. మన ఇళ్ళలో జరిగేది అదే కదా. కూతురు బిడ్డతో పుట్టింటికి వస్తే, మనవరాలి ఫీజు తాతగారి పెన్షన్లోంచి పోతుంది. ఫీజు ఎలాగూ కట్టేస్తున్నారుగా, ఇంకేం కావాలని అవతలివాళ్ళు వాదిస్తారు. తాత కట్టాడు కాబట్టి తండ్రి బాధ్యత తీరిపోయిందనుకోవడానికి వీల్లేకుండా, ఎవరు కడుతున్నారో ఆ గడిలో విడిగా రాయాలి. ఇంటి లోపల జరిగేది బాగా తెలిసినవాళ్ళు వేసిన ప్రశ్న అది.

ఫారం ఒక్కటే అయితే నాకింత మెచ్చుకోవాలని అనిపించేది కాదు. జీతగాళ్ళ బతుకుని కొలిచే ఫారం రైతు బతుకుని కొలవలేదు. సాలరీ స్లిప్పులు, మూడేళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగితే రైతు ఏం తెచ్చి ఇస్తాడు? అందుకని వ్యవసాయ కుటుంబాలకు రెండో ఫారం పెట్టారు. భూమి ఎంత, ఎక్కడుంది, అందులో తన వాటా ఎంత, మాగాణా మెట్టా, ఏం పండుతుంది, గేదెలు, ఆవులు, మేకలు ఎన్ని, కోళ్ళో చేపలో ఉన్నాయా, వాటి మీద ఎంత వస్తుంది? కాగితం మీద ఆదాయం సున్నా అని చెప్పుకునే ఎకరాల ఆసామి కూడా ఇక్కడ తప్పించుకోలేడు. నిజంగా అరెకరం మెట్టతో కష్టపడేవాడికి కూడా తన సంగతి చెప్పుకునే చోటు దొరుకుతుంది. మేఘాలయకు మూడో ఫారం వేరే ఉంది. అక్కడి ఖాసీ ఇళ్ళలో ఆస్తి చిన్నకూతురికి చేరుతుంది కాబట్టి, భార్య తన పుట్టింట్లో చిన్నకూతురా అని ఆ ఫారం అడుగుతుంది. రోజుకూలీల్ని, దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్ళని అసలు ఈ ఫారం నింపమని అడగనక్కర్లేదని కూడా రాశారు. ఇక విదేశాల్లో ఉన్నవాళ్ళకు విడిగా ఒక భాగమే ఉంది: పౌరసత్వం ఏది, ఉండేదెక్కడ, ఆ దేశపు డబ్బులో సంపాదన ఎంత? డల్లాస్‌లో ఉద్యోగం చేస్తూ ఇక్కడి కోర్టులో పాతికేళ్ళనాటి ఇంటి వాటా చూపించే వాళ్ళుంటారని ఆ భాగం రాసినవాళ్ళకి తెలుసు.

గడువుల విషయంలోనూ అదే శ్రద్ధ. జవాబు, దానితోపాటు అఫిడవిట్, నాలుగు వారాల్లో రావాలి. రెండుసార్లకు మించి వాయిదా ఇవ్వకూడదు. కావాలని సాగదీస్తే వాదించే హక్కునే కోర్టు కొట్టేయవచ్చు. అఫిడవిట్లు వచ్చాక నాలుగు నుంచి ఆరు నెలల్లో మధ్యంతర మనోవర్తి తేల్చాలి. అన్నిటికన్నా విలువైన మాట ఇంకోటుంది: డబ్బు లెక్కించాల్సింది ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి కాదు, దరఖాస్తు వేసిన రోజు నుంచి. ఈ ఒక్క వాక్యంతో సాగదీయడంలో లాభం లేకుండా పోయింది. కేసు మూడేళ్ళు నడిస్తే మూడేళ్ళ బకాయి కట్టాలి.

చదువు ఖర్చు మామూలుగా తండ్రిదేనని, తల్లికీ సరిపడా సంపాదన ఉంటే ఇద్దరూ తమ ఆదాయాన్ని బట్టి పంచుకోవాలని తీర్పు చెప్తుంది. కోచింగ్ ఖర్చునూ లెక్కలోకి తీసుకుంటుంది, అయితే అది సబబుగా ఉండాలని, ఆడంబరానికి పోకూడదని అంటుంది. కోచింగ్ లేకుండా ఇంటర్ గడవని మన రెండు రాష్ట్రాల్లో ఆ మాట ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. పిల్లల్ని పెంచడం కోసం ఉద్యోగం వదులుకున్న తల్లి చేసిన త్యాగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలంది.

ఇంత చక్కటి పనిముట్టుని కింది కోర్టుల్లో చాలాచోట్ల వాడటం లేదని 2023 నవంబరులో సుప్రీంకోర్టే గమనించి, తీర్పు ప్రతిని మళ్ళీ అన్నిచోట్లకు పంపమంది. ఇది నన్ను బాధపెట్టే సంగతి. మీ కేసులో అఫిడవిట్లు రాకపోతే, మీ వకీలుని అడగండి.

ఇక చూసుకోవడం గురించిన తీర్పు. 2020 జనవరి 20న జస్టిస్ దీపక్ గుప్తా, జస్టిస్ అనిరుద్ధ బోస్ ఇచ్చారు. అమెరికాలో పుట్టిన పాపతో తల్లి ఇండియాకు వచ్చేసిన కేసు అది. అమ్మానాన్నలిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కు అన్న చోట మొదలుపెట్టి, ఆ హక్కుని మాటల్లో వదిలేయకుండా పనిలోకి దించారు. చాలా తీవ్రమైన పరిస్థితుల్లో తప్ప ఒకరికి బిడ్డని పూర్తిగా దూరం చేయకూడదు. చేస్తే కారణం రాయాలి. చూడనివ్వండి అని ఊరుకోకుండా, ఎలా, ఎప్పుడు, ఎక్కడ అన్నది స్పష్టంగా చెప్పాలి. కలుసుకోవడం వేరు, మాట్లాడటం వేరు అని విడదీసి, వేరే ఊళ్ళోనో వేరే దేశంలోనో ఉన్నవాళ్ళకు రోజూ ఐదుపది నిమిషాలు వీడియో కాల్లో మాట్లాడే హక్కు ఉండాలన్నారు. ఇది రాసిన రెండు నెలలకే లాక్‌డౌన్ వచ్చింది. చాలామంది తండ్రులకు, తల్లులకు అప్పట్లో మిగిలింది ఆ ఐదు నిమిషాలే.

స్పష్టంగా రాయడమంటే ఏమిటో చూపిస్తాను. 'తండ్రి వీలైనప్పుడు పాపను చూడవచ్చు' అని రాసిన ఉత్తర్వు వినడానికి ఉదారంగా ఉంటుంది. ఆచరణలో అది ప్రతి వారం ఒక గొడవ: ఆయనకు వీలైనప్పుడు ఈవిడకు వీలుండదు, ఆ మధ్యలో పాప చెప్పులేసుకుని కూర్చుంటుంది. ఇలా రాస్తే వేరు: నెలలో రెండో, నాలుగో శనివారం ఉదయం 10 గంటలకు తల్లి ఉంటున్న అపార్ట్‌మెంట్ గేటు దగ్గర తండ్రి పాపని తీసుకుని, ఆదివారం సాయంత్రం 6 గంటలకు అక్కడే అప్పగించాలి, పరీక్షలుంటే తర్వాతి శనివారానికి మారుతుంది, దసరా సెలవుల్లో మొదటి సగం తండ్రి దగ్గర, రెండో సగం తల్లి దగ్గర, సంక్రాంతి ఒక ఏడాది అక్కడ, ఒక ఏడాది ఇక్కడ, స్కూల్లో పేరెంట్ మీటింగుకి ఇద్దరూ రావచ్చు. గేటు దగ్గర అని ఎందుకంటే, ఇంట్లోకి రానిస్తే అత్తగారూ మామగారూ అల్లుడూ ఎదురుపడి పాత మాటలు లేస్తాయి. పరీక్షల సంగతి ఎందుకంటే, అది రాయకపోతే చూడటం తప్పించడానికి అదే మొదటి సాకు. సంక్రాంతిని రాయకపోతే తాతయ్యలిద్దరిలో ఒకరు ప్రతి ఏడూ పండక్కి మనవరాలు లేకుండా ఉండిపోతారు.

ఈ రెండు తీర్పుల్నీ పక్కపక్కన చదివితే ఇంకో సంగతి తేటగా కనిపిస్తుంది. డబ్బుని, చూపునీ ఎక్కడా ముడిపెట్టలేదు. మన ఇళ్ళలో మాత్రం రోజూ ముడిపెడతారు. రెండు నెలలుగా డబ్బు పంపలేదు కాబట్టి పాపని చూపించను అంటారొకరు, చూపించట్లేదు కాబట్టి పంపను అంటారింకొకరు. ఆ రెండూ పాపకు చెందాల్సినవే. డబ్బు రాకపోతే దానికి వేరే దారి ఉంది: సివిల్ డిక్రీలాగా ఆస్తి జప్తు చేయించవచ్చు, మనోవర్తి సెక్షన్ కింద వారంటు అడగవచ్చు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆ పాత 125వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. వారంటు దరఖాస్తు మాత్రం బకాయి పడ్డ రోజు నుంచి ఏడాదిలోపే వేయాలి. చూడనివ్వకపోతే, దానికి వేరే దరఖాస్తు. ఒకదానికి శిక్షగా ఇంకోదాన్ని ఆపే అధికారం తల్లికీ లేదు, తండ్రికీ లేదు.

ఇలాంటి ఉత్తర్వుల్లో ఏదీ ఆఖరిది కాదు. పిల్లల కోసం ఇచ్చిన ఏర్పాట్లను మార్చే వీలు హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్లో ఉంచారు. నాలుగేళ్ళప్పుడు రాసిన శనివారం పదో తరగతి పిల్లకు సరిపోదు. అప్పుడు ఫారంలో కోచింగ్ ఫీజు గడి కొత్తగా నింపాలి, ఆదివారం సాయంత్రం 6 గంటలని 4 చేయాలేమో, పిల్లనే కూర్చోబెట్టి ఏమంటావని అడగాలి.