‘చివరకు మిగిలేది’లోని నర్సు: మనశ్చికిత్సకుల శిక్షణపై ఒక విమర్శ

తెలుగు చలనచిత్రములలో పిచ్చియాసుపత్రి కనబడినదనగనే ప్రేక్షకుడు నవ్వుటకు సిద్ధపడును. లేదా నాయకునికి తలపై దెబ్బ తగిలి మతి పోవును, కథాంతమున మరియొక దెబ్బ తగిలి తిరిగి వచ్చును. ఈ రెండు దారులను విడిచి, చికిత్స పొందువాని సంగతి సరే, చికిత్స చేయు మనిషి సంగతి యేమని అడిగిన చిత్రము, మా యెరుకలో, ఒక్కటే కలదు. అది 1960లో గుత్తా రామినీడుగారి దర్శకత్వమున వచ్చిన ‘చివరకు మిగిలేది’. బుచ్చిబాబుగారి నవలకును దీనికిని పేరు తప్ప సంబంధము లేదు. ఆశుతోష్ ముఖోపాధ్యాయుల కథ ఆధారముగా 1959లో అసిత్ సేన్ తీసిన ‘దీప్ జ్వేలే జాయ్’ అను బెంగాలీ చిత్రము దీనికి మాతృక. అందు సుచిత్రా సేన్ ధరించిన నర్సు పాత్రను తెలుగున సావిత్రిగారు ధరించిరి. 1969లో ఇదే కథ ‘ఖామోషీ’ యను పేర హిందీలోనికి పోయినది. వైద్యపట్టము పొందిన ప్రభాకరరెడ్డిగారు నటులుగా తొలిసారి కనబడినదియు ఈ తెలుగు చిత్రముననే.

అరువది యేండ్లు దాటిన చిత్రమును ఇప్పుడు ఎత్తుకొనుటకు కారణము కలదు. మన బెంగళూరు తెలుగు కుటుంబములలోని పిల్లలు ఇంజనీరింగు దారిని విడిచి, మనస్తత్వశాస్త్రము చదివి, మనశ్చికిత్సకులు కావలెనని కోరుట ఇటీవల పెరిగినది. ఇంటి పెద్దలకు మాత్రము భయము పోలేదు. మాకు దగ్గరి బంధువుల ఇంట ఒక బాలిక ఈ శిక్షణలో చేరెదనన్నప్పుడు, ఆమె అమ్మమ్మ మూడు దినములు సరిగా మాటాడలేదు. పిచ్చివారితో తిరిగినవారికి పిచ్చి పట్టునని ఆమె నమ్మకము. ఆ నమ్మకము ఎచ్చటి నుండి వచ్చినదని అడుగగా, ఆమె సావిత్రి సినిమా పేరు చెప్పెను. కావున ఆ సినిమాను మరల చూడక తప్పలేదు.

కథ యెల్లరకును తెలిసినదే. ప్రేమ విఫలమై మతి చలించిన యువకునికి, మరియొక స్త్రీ ప్రేమను ఇచ్చినచో స్వస్థత కలుగునని ఆసుపత్రిలోని పెద్ద డాక్టరు సిద్ధాంతము చేయును. ప్రేమించునట్లు నటించుట నర్సు పని. ఆమె నటించును, రోగి కోలుకొనును, కోలుకొని తన దారిన తాను పోవును. నర్సు మాత్రము నిజముగనే ప్రేమించియుండును. ఆ గాయము మానకమునుపే రెండవ రోగిని ఆమెకు అప్పగింతురు. ఆమె వలదనును, పిదప ఒప్పుకొనును. అతడును బాగుపడును. చివరకు అదే ఆసుపత్రిలో, ఆమె రోగియై చేరును.

సావిత్రిగారి నటనను గూర్చి అనేకులు వ్రాసిరి. మేము క్రొత్తగ చెప్పవలసినది స్వల్పము. ఒక్క మాట. ఆమె ఇందు చేసినది రెండంతస్తుల నటన. ప్రేమను నటించుచున్న నర్సును ఆమె నటింపవలెను. ఆ నటన యెప్పుడు నిజమైనదో నర్సుకు తెలియకమునుపే ప్రేక్షకునికి తెలియజేయవలెను. ఈ పనిని ఆమె మాటలతో గాక, చూపు నిలుపుటలో, తిప్పుకొనుటలో సాధించిరి. చిత్రమునకు ప్రాణము అదియే.

అయితే చిత్రము చెప్పిన వైద్యమును అంత తేలికగా అంగీకరింపజాలము. రోగికిని చికిత్సకునికిని నడుమ అనురాగము పుట్టుట క్రొత్త సంగతి కాదు. వియన్నాలో 1880-82 సంవత్సరములలో బ్రాయరు అను వైద్యుడు, ‘అన్నా ఓ’ అను మారుపేరుతో గ్రంథములకెక్కిన యువతికి చేసిన చికిత్స నాటి నుండి ఈ శాస్త్రమునకు ఆ చిక్కు ఉండనే యున్నది. ఫ్రాయిడు 1915లో దానిపై ప్రత్యేకముగ ఒక వ్యాసము వ్రాసి, రోగి చూపు ప్రేమను త్రోసిపుచ్చుటయు తగదు, దానికి బదులిచ్చుటయు తగదు అని తేల్చెను. ఆ ప్రేమ ఎవరికి చెందవలసినదో, ఏ పాత బాకీయో, రోగితో కలిసి వెదకవలెనని ఆయన అభిప్రాయము. మన చిత్రములోని పెద్ద డాక్టరు దీనిని తలక్రిందులు చేసెను. అతడు ప్రేమను మందుగా వాడెను, మోతాదు చూచుకొనలేదు. చిత్రమునకు మూడేండ్లు ముందు, 1957లో, అమెరికాలో కార్ల్ రోజర్సు చికిత్సకునికి ఉండవలసిన లక్షణములను వివరించుచు, లోపల లేనిది పైకి చూపకుండుటను అందు ముఖ్యముగ చేర్చెను. ఆ కొలతతో చూచినచో నర్సుకు అప్పగించిన పనియే మొదట తప్పు. ఆమె పొరపడినది నిజముగ ప్రేమించుటలో కాదు. అబద్ధము చెప్పుమన్నప్పుడు ఒప్పుకొనుటలో.

ఒప్పుకొనక ఆమె యేమి చేయగలదు? ఇచ్చటనే చిత్రము తాను ఎరుగకయే గొప్ప సత్యమును పట్టి యిచ్చినది. ఆ ఆసుపత్రిలో రోగిని గూర్చి మాటాడుటకు డాక్టర్లు ఉందురు. నర్సును గూర్చి మాటాడుటకు ఎవరును లేరు. పూడిక తీయుటకు బావిలోనికి దిగువానిని మనవారు ఒంటరిగ దింపరు. గట్టుమీద తాడు పట్టుకొని ఒకడు నిలుచును. క్రింది వానిని అప్పుడప్పుడు పిలిచి, గొంతు విని, ఊపిరి ఆడుచున్నదో లేదో తెలిసికొనును. ఈ చిత్రములో దింపినవాడు కలడు గాని తాడు పట్టుకొన్నవాడు లేడు.

ఆ తాడు అప్పటికి కనిపెట్టబడకపోలేదు. 1920లో బెర్లినులో ఐటింగన్ మొదలైనవారు నెలకొల్పిన చికిత్సాలయమున శిక్షణమునకు మూడు కాళ్ళు ఏర్పరచిరి: శాస్త్రపాఠము, అభ్యాసి స్వయముగ తానే చికిత్స పొందుట, అతడు చేయు చికిత్సను అనుభవజ్ఞుడొకడు వారము వారము విని సరిదిద్దుట. చికిత్సకుడు తన లోపలి ముడులు అనుమతించినంత దూరమే రోగిని తీసికొనిపోగలడని ఫ్రాయిడు 1910లోనే హెచ్చరించియుండెను. రోగి వలన చికిత్సకునిలో పుట్టు భావములను ఆయన ఆటంకముగా చూడగా, 1950లో పౌలా హైమన్ అను విదుషి వానినే రోగిని తెలిసికొను సాధనముగ ఎంచెను. నర్సులో పుట్టిన ప్రేమను గూర్చి, ఎవరైన ఆమెను కూర్చుండబెట్టి, సిగ్గుపడకుము, ఇది ఏమి చెప్పుచున్నదో చూతము అని యుండినచో కథ రెండవ రోగి వరకు పోయెడిదే కాదు.

మన దేశమున ఈ విద్యకు తొలి నెలవు కలకత్తా. గిరీంద్రశేఖర బోసుగారు అచ్చట 1922లో మనోవిశ్లేషణ సంఘమును స్థాపించిరి. వైద్యశాలలో పనిచేయు మనశ్శాస్త్రజ్ఞులకు పద్ధతి ప్రకారము శిక్షణమిచ్చుటలో మాత్రము అగ్రస్థానము మన బెంగళూరిదే. 1954లో ఇచ్చటి మానసిక వైద్యశాల ఆవరణలో అఖిల భారత మానసికారోగ్య సంస్థ వెలసెను, యం. వి. గోవిందస్వామిగారు దానికి తొలి అధ్యక్షులు. మరుసటి యేడు వైద్య సాంఘిక మనస్తత్వశాస్త్రమున డిప్లొమా మొదలిడిరి. మానసిక రోగుల పరిచర్యలో నర్సులకు ప్రత్యేక శిక్షణము కూడ ఆ దశకముననే ఆరంభమైనది. అనగా చిత్రము విడుదలైన నాటికి హోసూరు రోడ్డులో అసలైన నర్సులు అసలైన పాఠములు వినుచునే యుండిరి! 1974లో ఆ సంస్థయు వైద్యశాలయు ఏకమై నిమ్హాన్స్ ఆయెను.

ఆ సంస్థ నుండియే 1964లో సూర్య, జయరాం అను ఇరువురు ఒక వ్యాసము ప్రకటించిరి. భారతీయ రోగి తన లోతుల వివరణ కంటె ఎదుటి కష్టమునకు ఆసరాను ఎక్కువ కోరుననియు, చికిత్సకుని ఉమ్మడి కుటుంబములోని ఆదరముగల పెద్దగా చూచుననియు, ఆధారపడుటకు సిగ్గుపడడనియు వారు గమనించిరి. 1973లో జె. యస్. నేకీగారు ఒక అడుగు ముందుకు వేసి, గురుశిష్య సంబంధమే చికిత్సకు మాదిరి కారాదా యని అడిగిరి. ఈ మాటలు తెలిసి చిత్రమును చూచినచో మరియొక లోపము కండ్లకు కట్టును. స్త్రీ యొకతె పురుషునికి ఆదరము చూపవలెనన్న ప్రియురాలు తప్ప వేరు వేషము కథకునికి తోచలేదు. మన యిండ్లలో ముక్కుమొగము తెలియనివారు రెండు నిమిషములలో అక్కయ్యో పిన్నియో అగుదురు గదా. మన రోగి నర్సును ‘అక్కా’ అని పిలిచియుండును. ఆమెయు ఆ పిలుపునకు పలికియుండును. కాని అట్లయిన మూడు గంటల చిత్రము కాకపోవును.

ఈ పెద్దరికములోను ప్రమాదము లేకపోలేదు. రోగి ‘మీరే నా తల్లి’ అన్నంతనే ఉబ్బి, అతని పెండ్లి, ఉద్యోగము, ఆస్తి పంపకము అన్నియు తానే నిర్ణయించు చికిత్సకుడు నర్సు కంటె ఎక్కువ చెడుపు చేయును. ఆమె తన్ను పోగొట్టుకొనెను. ఇతడు రోగిని పోగొట్టును. పెద్దపీటపై కూర్చుండియు దానిని తనదనుకొనకుండుట పుస్తకము నేర్పలేని విద్య.

ఇక మనవంటి వారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, కళాశాలలో ఇంగ్లీషు: మన పిల్లల బుద్ధి మూడు గదుల యిల్లు. శాస్త్రము మూడవ గదిలో నేర్తురు; దుఃఖము మొదటి గదిలో ఉండును. కోలారు నుండియో హిందూపురము నుండియో వచ్చిన తల్లి తనకు ‘డిప్రెషన్’ అని చెప్పదు. బెంగ అనును. గుబులుగా ఉన్నదనును. మనసు మనసులో లేదనును. ఇందు బెంగ యనునది విచిత్రమైన మాట. అది దిగులు మాత్రమే కాదు. ఎవరినో చూడగోరి కృశించుట దానిలో కలిసియున్నది. ‘ఎవరి మీద బెంగ?’ అని తెలుగున అడుగవచ్చును. ఆ ప్రశ్నతోనే సగము కథ వెలికి వచ్చును. ఆ మాటను ఇంగ్లీషు కాగితముపై వ్యాధి పేరుగ మార్చి వ్రాయుటతో ఆ ‘ఎవరి మీద’ రాలిపోవును. మా బంధువుల బాలికకు కలిగిన మొదటి కష్టము ఇదియే. ఒక వృద్ధురాలు బెంగను గూర్చి చెప్పుచుండగా, ఆమెకు తన అమ్మమ్మ గొంతు వినబడి, తరువాత అడుగవలసిన ప్రశ్న మరచిపోయెనట. ఆ సంగతిని దాచక తన పర్యవేక్షకురాలికి చెప్పుకొనుటకు వారము పట్టినది. చెప్పుకొన్న పిదప తెలిసినది, తాను విన్నది రోగి దుఃఖము సగము, తన చిన్ననాటి దుఃఖము సగము అని.

వృత్తిలో ఎదుగుట, మనిషిగ ఎదుగుట అని రెండు వేరు శీర్షికలు పెట్టువారు ఈ వారమును ఏ శీర్షిక క్రింద చేర్తురో మాకు తెలియదు. అభినవగుప్తుడు సహృదయుని లక్షణము చెప్పుచు, కావ్యపరిచయముచే తుడిచి తుడిచి తేటపడిన మనస్సు అను అద్దము కావలెననెను. అద్దమునకు తనదైన మరక ఉన్నచో ఎదుటి ముఖముపై ఆ మరక కనబడును. అభ్యాసి తానే చికిత్స పొందవలెనని బెర్లినువారు పట్టుబట్టుట ఈ తుడుచుటకొరకే. మన దేశపు పాఠ్యప్రణాళికలలో దానిని నిర్బంధము చేసినవి అరుదు. దాని వలన రోగికి ఎంత మేలగునో పరిశోధకులు నేటికిని తేల్చలేదన్నది నిజమే. అయినను, నెలల తరబడి అపరిచితుని ఎదుట కూర్చుండి మాట పెగలక తడబడుట యెట్లుండునో ఎరుగనివాడు, రోగిని ‘చెప్పండి’ అని తేలికగ అనును.

మరియొకటి చెప్పి విరమింతుము. ఆ చిత్రమును మేము మరల చూచినది ఆ అమ్మమ్మ ప్రక్కనే, ఆమె యింటిలోనే. చివరి దృశ్యమున ఆమె కన్నీరు పెట్టుకొనలేదు; కోపగించెను. “ఆ పిల్లని ఇన్నాళ్ళలో, అన్నం తిన్నావా అని అడిగినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?” అనెను. బాలిక నవ్వి, తమకు ప్రతి మంగళవారము అడుగువారు ఉన్నారని చెప్పెను. అన్నము మాట కాదు గాని, ఇంచుమించు అదేయట. ఎవరు వారు, తెలుగువారేనా యని అమ్మమ్మ విచారించెను. కాదు, కన్నడమువారు, అని బాలిక చెప్పెను. ఒకసారి ఇంటికి భోజనమునకు పిలువుమని అమ్మమ్మ ఆజ్ఞ. అట్లు పిలువరాదని, ఎందులకు పిలువరాదో, బాలిక చాలసేపు వివరింపవలసి వచ్చినది.