కిన్నాళ చిత్రగారుల చేతిచలవ

బళ్ళారి పొరుగున, కొప్పళ జిల్లా కిన్నాళలో కొయ్యబొమ్మలు చేసే చిత్రగారుల పని చూస్తే ముందు ఆ చేతులకే దండం పెట్టాలనిపిస్తుంది. తేలిక కొయ్యలో భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురుతో అతుకుతారు. అసలు పనితనం ఆ తర్వాతే. పాత గోనెపీలికలు నానబెట్టి, ఎండబెట్టి, పొడిచేసి, చింతగింజల ముద్దలో కలిపితే ‘కిట్ట’ తయారవుతుంది. దాన్ని బొమ్మ ఒళ్ళంతా చేత్తోనే మెత్తి, పైన చిన్నచిన్న నూలుగుడ్డ ముక్కలు అంటిస్తారు. అతుకు ఇక కంటికి ఆనదు. ఆ మీద రంగు పట్టేందుకు గులకరాళ్ళ పొడి ముద్ద పూత. అదే పొడిని బంకతో కలిపి హారాలూ వంకీలూ ఉబ్బెత్తుగా తీరుస్తారు. ఎవరూ లెక్కచెయ్యని గోనె, గింజ, రాయి కలిసి గరుత్మంతుడై రెక్క విప్పడం ఎంత గొప్ప సంగతి! కొయ్యబొమ్మను ప్రాణమున్నదానిలా చూడడం మరోచోటా ఉంది: పశ్చిమాఫ్రికాలో యోరుబా తల్లులు చనిపోయిన కవలబిడ్డ పేర కొయ్యబొమ్మ చెక్కించి, దానికి స్నానం చేయించి, బట్ట కట్టి, అన్నం పెట్టేవారు. కొయ్యను మనిషిగా చూసే ఆ మమకారం, దేవుడి బొమ్మకు పసుపుకుంకుమలు పెట్టే మనకు కొత్త కాదు. హంపీ దాకా వెళ్ళినవాళ్ళు కిన్నాళకూ వెళ్ళండి. బేరమాడకుండా ఒక బొమ్మ కొనండి.